కుట్టిన చెయ్యి

సోమవారం ఉదయం కుట్లు తీయించుకోవడానికి వచ్చినవాళ్లలో ఆఖరి మనిషి దర్జీ ఆవిడ. యాభైకి రెండేళ్లు తక్కువ. చూపుడువేలి కొన సూదిపోట్లకు కాయకాచి ఉంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. కొట్లోంచి లేచి తిన్నగా వచ్చినట్టుంది, తీయడం మరిచిపోయింది. గర్భసంచి తీసేసి సరిగ్గా వారమైంది.

చిన్న డాక్టరమ్మ ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, పొత్తికడుపు మీది కట్టు మెల్లగా ఊడదీసింది. అడ్డంగా జానెడు గాయం. వాపు లేదు, ఎరుపు లేదు. సిస్టరు ట్రేలో దూది, పట్టకారు, చిన్న కత్తెర సర్దిపెట్టింది. ఆ సిస్టరుకు ఈ గదిలో పద్దెనిమిదేళ్ల సర్వీసు. డాక్టర్లు వస్తారు, పోతారు, ఆమె మాత్రం అక్కడే ఉంటుంది.

"ఒక్క నిమిషం ఆగండమ్మా. తీసేశాక ఎలాగూ కనపడవు. ఒకసారి చూసుకోనివ్వండి" అని దర్జీ ఆవిడ సంచిలోంచి చేతి అద్దం తీసింది. తల కింద మోచెయ్యి ఆనించుకుని, అద్దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. తమ గాయం చూసుకునేవాళ్ల చూపు కాదది. కుట్టించుకున్న కోటును తిరగేసి, లోపలి అంచు పరీక్షించే మనిషి చూపు.

"రెండు రకాలుగా కుడతామని ముందే చెప్పారు. ఈ పక్క దారం లోపల్లోపలే పోయింది, పైకి తెలీదు. కోటు అంచుకు మేమూ ఇలాగే వేస్తాం. ఆ పక్క ఒక్కొక్కటీ విడిగా వేసి ముడులేశారు. అదీ సరే."

"అవునండీ. మూడు నెలలు పోయాక ఏ పక్క మచ్చ తక్కువగా ఉందో చూస్తాం. అందుకే ఈ పరిశీలన."

"రెండు పక్కలా పెద్ద డాక్టరుగారు ఒక్కరే కుడతారని, సంతకానికి ముందు కాగితం చదివి వినిపించారు."

"అవును" అంది చిన్న డాక్టరమ్మ. ఆ మాట దానంతటదే వచ్చేసింది. ఆ కాగితాన్ని నలభైమందికి నలభైసార్లు చదివి వినిపించింది తనే. ఏ వాక్యం తర్వాత ఏ వాక్యమో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

వంగి, మొదటి ముడిని పట్టకారుతో పైకెత్తి, ఎడమచేత్తో కత్తెర అందుకుంది. దర్జీ ఆవిడ అద్దం పక్కన పెట్టి ఆ చేతినే చూసింది.

"ఈ కుట్లన్నీ అటు వాలాయి. కుడిచేతివాటం మనిషి వేసిన కుట్టు ఇటు వాలుతుంది. మా కొట్లో ఒకమ్మాయిది మీలాగే ఎడమచేతివాటం. పది చొక్కాల మధ్య పడేసినా దాని కుట్టు నేను గుర్తుపడతాను."

దూది ముక్కలు లెక్కపెడుతున్న సిస్టరు చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి.

"పెద్ద డాక్టరుగారు పక్కనే ఉన్నారండీ" అంది చిన్న డాక్టరమ్మ.

అది పచ్చి అబద్ధం. తాను వేయాల్సిన సగం అయిపోగానే పెద్దాయన రెండో సగం ఆమెకు వదిలి, చేతి తొడుగులు విప్పేసి, పక్కగదిలో కేసు కాగితం రాసుకోవడానికి వెళ్లిపోయాడు. ఆ రోజే కాదు, ప్రతిసారీ అంతే. ఆ సంగతి తనకు తెలుసు, సిస్టరుకు తెలుసు.

"ఉన్నారేమోలెండి. నాకు మత్తు కదా, నాకేం తెలుస్తుంది" అంది దర్జీ ఆవిడ.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. చిన్న డాక్టరమ్మ చెవులు వేడెక్కాయి. తల ఎత్తకుండా ఒక్కో ముడినీ లేపి, దారం చర్మానికి ఆనుకున్న చోట కత్తిరించి, లాగి, తెల్లగుడ్డ మీద పెట్టసాగింది. పదకొండు నల్లటి దారపు ముక్కలు.

"చెయ్యి బాగానే ఉంది. ఎడం సమానంగా పడింది. మరీ బిగించలేదు, వదులుగానూ లేదు. నేననేది దాని గురించి కాదు" అంటూ దర్జీ ఆవిడ లేచి కూర్చుని బట్టలు సర్దుకుంది. "పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు నేను ముందు చింకిగుడ్డలిస్తాను. నెలరోజులు వాటిమీదే కుట్టాలి, విప్పాలి. మీకు చింకిగుడ్డలుండవు. ఎవరో ఒకరి ఒంటిమీదే నేర్చుకోవాలి, ఆ మాత్రం నాకూ తెలుసు. అడిగుంటే సరేననేదాన్నేమో." మెడలో టేపు ఉందని అప్పుడు గమనించి, తీసి వేళ్లకు చుట్టుకుంటూ, "ఏమో, వద్దనేదాన్నేమో కూడా. అడిగితే కదా తెలిసేది" అంది.

ఆవిడ వెళ్లాక సిస్టరు ట్రే ఎత్తుకుంటూ, "టీ తాగి రండి డాక్టరమ్మా. మొహం పాలిపోయింది" అని మాత్రం అంది. పద్దెనిమిదేళ్లలో ఆమె ఎన్నెన్ని చూసి ఊరుకుందో, ఆ ఒక్కమాటలో తెలిసిపోయింది.

శుక్రవారం నాడు పెద్ద సభ. ఊళ్లోని సర్జన్లంతా వస్తారు. పైనుంచి విడివిడిగా వేసే పాత కుట్టు మేలా, చర్మం లోపలి నుంచి వేసే కొత్త కుట్టు మేలా అన్నది తేల్చడానికి పెద్దాయన ఏడాదిగా చేస్తున్న పరిశీలన ఫలితాలు అక్కడ చదవాలి. ఏ సగానికి ఏ కుట్టో అంటించిన కవరు చెబుతుంది. ఆ కవరును ఆపరేషను థియేటరులో అందరి ముందూ చింపుతారు. మూడు నెలల తర్వాత ఫొటోలు తీస్తారు. గాయం పక్కన చిన్న స్కేలు పెట్టి, వెలుతురు ఒకేలా పడేట్టు చూసి, మనిషి మొహం రాకుండా తీస్తారు. ఏ సగం ఏ కుట్టో తెలియని ముగ్గురు డాక్టర్లు వేరే ఆస్పత్రిలో కూర్చుని వాటికి మార్కులు వేస్తారు. వేలెత్తి చూపడానికి సందు లేనంత పకడ్బందీగా ఉంది. ఒక్క చెయ్యి సంగతే ఎవరూ రాసుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం చిన్న డాక్టరమ్మ రికార్డు గదిలో కూర్చుని సభకోసం ఫొటోలు సర్దింది. అప్పటికి మూడు నెలలు నిండినవాళ్లు ముప్ఫైమంది. పెద్దాయన చెప్పిన వరస ప్రకారం, తేడా ఎక్కువ కనిపించేవి ముందు, తక్కువ కనిపించేవి తర్వాత. కొత్త కుట్టు పక్క సన్నటి గీత, వెంట్రుక పరిచినట్టు. పాత కుట్టు పక్క ముడులుపడిన తాడు. చూసినవాళ్లెవరైనా ఔరా అనుకోవాలి.

ఆమె బల్ల సొరుగులోంచి తన పని పుస్తకం తీసింది. శిక్షణలో ఉన్న ప్రతి డాక్టరూ తను చేసిన ప్రతి పనీ అందులో రాసుకోవాలి. ఏ తేదీ, ఏ నంబరు మనిషి, ఏమి కుట్టింది. అందులో ఆమె చక్కటి దస్తూరీతో, అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. కొన్ని పేజీల్లో పక్కన సంతోషం కొద్దీ చిన్న టిక్కు కూడా ఉంది.

ఫొటోలన్నీ కలిపేసి, తేదీల వరసన మళ్లీ పేర్చింది.

మొదటి పదిమందిలో పాత కుట్టు పక్క గాయం అంచులు ఒకదానిమీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. ముడులు బిగిసిన చోట చర్మం చచ్చి, అటూ ఇటూ నిచ్చెన మెట్లలా మచ్చలు పడ్డాయి. రెండో పదిలో మెట్లు మాసిపోతూ వచ్చాయి. ఇరవై రెండో నంబరు దగ్గరికి వచ్చేసరికి రెండు సగాలూ దాదాపు ఒకటే. ఇరవై ఎనిమిదో నంబరులో తను కుట్టింది ఏ పక్కో తెలుసుకోవడానికి పుస్తకం చూడాల్సి వచ్చింది.

ఏడాదిలో మారింది కుట్టు కాదు. తన చెయ్యి.

ముందుగా కలిగింది గర్వమని చెప్పుకోవడానికి ఆమెకు ఆ తర్వాత ఎంతోకాలం సిగ్గేసింది. కానీ కలిగింది మాత్రం అదే. ఇంత బాగా వచ్చిందా నాకు అనుకుంది. ఒక్క క్షణమే. ఆ వెంటనే మూడో నంబరు ఫొటో మీద చూపు ఆగింది.

మొహం లేకపోయినా ఆ పొట్ట ఎవరిదో గుర్తుంది. బస్సు నడిపే ఆవిడ. మూడు నెలల తనిఖీకి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎడమపక్క గాయం చిటికెన వేలంత లావున ఉబ్బి, ఎర్రగా నిగనిగలాడుతోంది. "సీటు బెల్టు సరిగ్గా దీనిమీదే రాసుకుంటుంది డాక్టరుగారూ. దురద, మంట. ఒక పక్కే ఎందుకిలా లేచింది?" అని అడిగింది. చిన్న డాక్టరమ్మ స్కేలు సరిగ్గా పడిందా లేదా అని కెమెరాలో చూస్తూ, "కొందరి చర్మతత్వం అంతేనమ్మా. తొందరపడి బరువులేమైనా ఎత్తారా?" అంది. పక్కనున్న తల్లి వెంటనే అందుకుంది: "చెప్పానా? నెల తిరక్కుండా డ్యూటీకి పోవద్దని చెప్పానా?" కూతురు తల వంచుకుంది.

ఆ తల వంచుకోవడం ఇప్పుడు కనిపించింది. ఆ రోజు కెమెరాలో అది పడలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్తే అక్క బట్టలు మడతపెడుతోంది. బళ్లో లెక్కలు చెబుతుంది అక్క. ఇద్దరూ కలిసే ఉంటున్నారు. చిన్న డాక్టరమ్మ దుప్పటికి రెండో కొస పట్టుకుని, మడతపెట్టడంలో సాయం చేస్తూ, "మా ఆస్పత్రిలో ఒకావిడ ఉందిలే" అని మొదలుపెట్టింది. ఆ ఒకావిడ పని నేర్చుకోవడానికి ఏంచేసిందో, పేషెంట్లకు ఏమని చదివి వినిపించిందో చెప్పుకుంటూ పోయింది. దుప్పటి నాలుగు మడతలయ్యాక అక్క చేతిలోంచి తీసుకుని బీరువాలో పెట్టింది.

"ఆ ఒకావిడ పొద్దున్నుంచీ ఏమైనా తిందా?" అని అడిగింది.

చిన్న డాక్టరమ్మ మంచం అంచున కూలబడింది.

"మీ పెద్దాయన చెయ్యమంటే చేశావా?"

"లేదక్కా. అదే కదా. మొదటి వారం నేనే అడిగాను. సర్, ఒక సగం నాకు వదలండి, నేర్చుకుంటానని. కొత్త కుట్టు ఆయనకిష్టం, అది ఇవ్వరని తెలుసు. పాతదే అడిగాను. ఆయన సరేనన్నారు. కాగితంలో ఏముందో మాకిద్దరికీ తెలుసు. తెలిసీ గుర్తురాలేదు."

"గుర్తొచ్చింది. మాట్లాడలేదు" అంది అక్క. లెక్క తప్పుచేసిన పిల్లకు ఎక్కడ తప్పిందో చూపించినంత మామూలుగా అంది.

బుధవారం ఓపీ అయిపోయాక ఆమె పెద్దాయన గది తలుపు తట్టింది. అరవై దగ్గరపడిన మనిషి. కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుని, శుక్రవారం చదవాల్సిన కాగితాలు దిద్దుకుంటున్నాడు. ఆమె నిలబడే చెప్పింది. ఇంటి దగ్గర అద్దం ముందు కూర్చుకున్న మాటలు సగం మరిచిపోయింది, మిగిలిన సగం తలకిందులుగా చెప్పింది. అయినా ఆయనకు అర్థమైంది.

"నీ చెయ్యి, నా చెయ్యి ఏమిటి? నా థియేటరులో జరిగేదంతా నా చెయ్యే."

"కాగితంలో అలా లేదు సర్."

"ఆ సగం కావాలని అడిగిందెవరు?"

"నేనే సర్."

"మరి?"

ఆయన కలం మూతపెట్టి, తెరిచి, మళ్లీ మూతపెట్టాడు.

"ఇరవై ఏళ్లు పైనుంచే కుట్టాను. లోపలినుంచి కుట్టడం మొదలుపెట్టాక తనిఖీకి వచ్చినవాళ్ల మొహాల్లో తేడా చూశాను. నా కళ్లతో చూశాను. అది అబద్ధమంటావా?"

"అబద్ధమని కాదు సర్. నిజమే అయ్యుండొచ్చు. కానీ నిజమో కాదో ఈ ఫొటోలు చెప్పలేవు. మనం రెండు కుట్లు పోల్చలేదు. ముప్ఫై ఏళ్ల చేతినీ, అప్పుడే నేర్చుకుంటున్న చేతినీ పోల్చాం."

అన్న తర్వాత, ఇంత మాట తనే అన్నదా అనిపించింది. పెద్దాయన చాలాసేపు కిటికీ వైపు చూశాడు. చూడ్డానికి అక్కడేమీ లేదు, ఎదుటి గోడా నీళ్ల గొట్టమూ తప్ప.

"ఫొటోలు ఇక్కడ పెట్టి వెళ్లు. నీ పుస్తకం కూడా" అన్నాడు.

గురువారం ఉదయం కబురొచ్చింది. వెళ్లేసరికి బల్లమీద కాగితాలన్నీ తీసేసి, ముప్ఫై ఫొటోలూ తేదీల వరసన ఐదు బారులుగా పేర్చి ఉన్నాయి. ఆయన కూర్చోమనలేదు. కోపమూ చూపలేదు. ఒక ఫొటోను వేలితో ముందుకు జరిపాడు.

"ఇరవై రెండు. నీ పుస్తకం చూడకుండా ఏది నాదో చెబుదామనుకున్నాను. తప్పు చెప్పాను."

ఆమె వంగి ఆ ఫొటోను చూసింది.

"రేపు నేను మాట్లాడటం లేదు. వంట్లో బాగాలేదని చెబుతారు. సభకు పంపిన కాగితం వెనక్కి తీసుకుంటున్నాను." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ జోడు లేకపోతే ఆయన మొహం ఏ ఇంట్లోనైనా ఉండే ముసలాయన మొహంలా ఉంది. "నీ తప్పెంత, నా తప్పెంత అని పంచుకునే పని పెట్టుకోకు. కింద సంతకం నాది. ఒకటి మాత్రం చెబుతున్నాను. ఇకమీదట నా థియేటరులో కుట్లు నేనే వేసుకుంటాను."

"సరే సర్."

ఆ 'సరే' అనడం ఎంత కష్టమైందో ఆయనకు తెలిసే ఉంటుంది. ఆయనా ఒకప్పుడు ఎవరో ఒకరి దగ్గర నిలబడి నేర్చుకున్నవాడే.

సాయంత్రానికి ఆఫీసులో ఉత్తరం టైపయింది. నలభైమందికీ ఒకటే. 'కొన్ని సాంకేతిక కారణాల వల్ల ఈ పరిశీలనను నిలిపివేస్తున్నాము. మీరు అందించిన సహకారానికి కృతజ్ఞతలు.' చిన్న డాక్టరమ్మ దాన్ని మూడుసార్లు చదివింది. ఆ రెండు వాక్యాలు చదివి బస్సు నడిపే ఆవిడకు తెలిసేదేమిటి? ఆస్పత్రివాళ్లు మర్యాదస్తులని తెలుస్తుంది. అంతే.

మెట్ల దగ్గర పెద్దాయన ఎదురైతే, "సర్, ఉత్తరంలో ఇంకొక్క వాక్యం" అనబోయింది.

"పైవాళ్లు ఒప్పుకోరు."

"పోనీ నేను వెళ్లి చెప్పనా? మొదటి పదిమందికైనా."

ఆయన ఒక మెట్టు దిగి ఆగాడు. "నన్ను అడక్కు. అడిగితే వద్దనాల్సి వస్తుంది" అని, చేత్తో కమ్మీ పట్టుకుని కిందికి వెళ్లిపోయాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె బస్సు డిపో వెనక వీధిలో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. రెండో అంతస్తు. మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగింది. రెండోసారి ఆగినప్పుడు, డ్యూటీలో ఉండి ఇంట్లో లేకపోతే బాగుండునని మనసులో అనుకుంది. అనుకున్నందుకు మళ్లీ సిగ్గుపడి, మిగిలిన మెట్లు గబగబా ఎక్కేసింది.

తలుపు తీసింది ఆమే. ఆస్పత్రి బట్టల్లో చూసిన మనిషి ఇంటి బట్టల్లో ఇంకా పొడుగ్గా ఉంది. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"డాక్టరమ్మా? ఏంటిలా వచ్చారు? నాకేదైనా... రిపోర్టులో ఏదైనా వచ్చిందా?"

"లేదండీ, లేదు. అలాంటిదేమీ లేదు. మీరు బాగున్నారు."

డాక్టరు ఇంటికొస్తే మనిషి ముందుగా భయపడుతుందని ఆమె ఆలోచించనేలేదు. ఆ సంగతి తట్టనందుకు ఇంకోసారి తల వాల్చింది. బస్సావిడ కుర్చీమీది బట్టలు తీసి, కూర్చోమంది. లోపలి గదిలో రేడియో మోగుతోంది.

చిన్న డాక్టరమ్మ చెప్పింది. గాయం రెండు సగాలుగా కుట్టడం, ఒక్కరే కుడతారని తను చదివి వినిపించడం, ఒక సగం తను కుట్టడం. "అప్పటికి నేను అలాంటివి రెండే కుట్టాను. మీది మూడోది. ముడులు బిగించేశాను. అంచులు కలపడం నాకింకా రాలేదు. ఆ రోజు మీరడిగితే మీ చర్మతత్వం అన్నాను. అది కాదు. మీరు తొందరపడి పనికెళ్లినందుకూ కాదు. నా చెయ్యి."

ఇదంతా ఆమె తన మోకాళ్లను చూస్తూ చెప్పింది. ముగించాక కూడా తల ఎత్తలేదు. లోపల రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు.

"రెండు పక్కలా ఒకటే చర్మం కదా, ఒక పక్కకే తత్వమేంటని నాకు అప్పుడే అనిపించింది" అంది బస్సావిడ మెల్లగా. "మీరు చదువుకున్నవాళ్లు కదా అని నోరు మూసుకున్నాను."

"మీరనుకున్నదే రైటు."

"ఆగండి" అని ఆమె లేచి, లోపలి గది గుమ్మం దగ్గరికి వెళ్లింది. "అమ్మా, ఆ రేడియో కట్టేసి ఇలా రా. డాక్టరమ్మ ఒక మాట చెబుతుంది, కూర్చుని విను." వెనక్కి తిరిగి, "నాకు చెప్పింది మళ్లీ చెప్పండి. మొత్తం. అప్పట్నుంచి ఈవిడ నన్ను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు" అంది.

తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి మంచంమీద కూర్చుంది. చిన్నగా, గట్టిగా ఉన్న మనిషి. చిన్న డాక్టరమ్మ మళ్లీ మొదలుపెట్టింది. ఒకసారి చెప్పేశాక రెండోసారి తేలికవుతుందనుకుంటాం. కాలేదు. మొదటిసారి చెప్పిన మాటల్లో తనను కాపాడుకోవడానికి వాడినవి ఏవేవో ఇప్పుడు తన చెవికే వినిపించాయి. 'అప్పటికి', 'ఇంకా'. వాటిని తీసేసి చెప్పింది. ఈసారి ముసలమ్మ మొహం చూస్తూ చెప్పింది.

ముసలమ్మ కొంగు వదిలేసి ఒక్కొక్కటే అడిగింది.

"అయితే ఇది డ్యూటీకి పోయినందుకు కాదన్నమాట."

"కాదండీ."

"నీళ్ల బిందె ఎత్తినందుకూ కాదు."

"కాదు."

"మరి ఆ రోజు మీరే అడిగారు కదమ్మా, బరువులెత్తారా అని. నేనది పట్టుకున్నాను." ముసలమ్మ కూతురి వైపు తిరగలేకపోయింది. మంచంమీది దుప్పటి మడత అరచేత్తో సాపు చేయసాగింది. "పొద్దునా సాయంత్రం నూనె రాస్తూ ఒకటే తిట్టాను దీన్ని. మాట వినవు, మాట వినవు అని. ఊరికే తిట్టానన్నమాట."

"పూర్తిగా ఊరికేం కాదులే. వేరేవాటికి పనికొస్తాయి, దాచుకుంటాను" అంది కూతురు. అంది గానీ, వచ్చి తల్లి పక్కనే కూర్చుంది. భుజం భుజానికి తగిలేంత దగ్గరగా. చిన్న డాక్టరమ్మ లేచి వెళ్లిపోవాలో, ఉండాలో తెలియక కుర్చీ అంచుకు జరిగింది.

"కూర్చోండి. చెప్పేసి పోవడమేనా? ఇప్పుడు దీనికేం చేస్తారు?"

"ముందు ఆ ఉబ్బు మెత్తబడటానికి సూదిమందు ఇచ్చి చూడాలి. దానికీ తగ్గకపోతే, ఆ ముక్క తీసేసి మళ్లీ కుట్టొచ్చు. పెద్ద డాక్టరుగారితో మాట్లాడతాను. ఆయనే స్వయంగా..."

"ఇప్పుడు మీకు బాగా వచ్చా?"

"ఏంటండీ?"

"కుట్టడం. ఇప్పుడు బాగా వచ్చా మీకు?"

లేదంటే అబద్ధం. అవునంటే ఏ మొహం పెట్టుకుని అనడం?

"వచ్చిందండీ" అంది చివరికి.

"నా మీద నేర్చుకుంటే వచ్చింది."

"మీ మీదా, ఇంకా చాలామంది మీదా."

"మరి నా మీద నేర్చుకున్న చెయ్యి నాకు పనికిరాకపోతే ఎలా?" బస్సావిడ గొంతు పెంచలేదు. బస్సుకు అడ్డంగా బండి ఆపినవాడితో ఎలా మాట్లాడుతుందో అలాగే, తొణక్కుండా అంది. "ఊళ్లో అందరికీ చక్కగా కుడతారు. నాకు మాత్రం వేరే ఆయన్ని పిలుస్తారా? మళ్లీ కుట్టాల్సి వస్తే మీరే కుట్టండి. ఆయన పక్కన నిలబడతాడో లేదో మాత్రం నాకు ముందే చెప్పండి."

"వద్దే" అంది తల్లి.

"నా పొట్ట ఇది, అమ్మా."

"ఆయన ఒప్పుకోరేమోనండీ. ఆయన థియేటరులో నన్ను కుట్టొద్దన్నారు. నేను కుట్టినా అది మళ్లీ ఉబ్బితే ఉబ్బొచ్చు. అలా జరగదని నేను మాటివ్వలేను. ఇప్పుడేమీ తేల్చుకోకండి. మీరిద్దరూ ఆలోచించుకుని, వద్దనిపిస్తే వద్దనండి."

"ఆయన్ని అడగండి. ఒప్పుకోకపోతే అప్పుడు చూద్దాం." ఆమె లేచి కిటికీ దగ్గర వెలుతురులోకి వెళ్లి, తల్లికేసి ఒకసారి చూసి, చొక్కా అంచు పైకెత్తి పట్టుకుంది. "ముందు దీన్ని సరిగ్గా చూడండి. ఆ రోజు స్కేలే చూశారు, నన్ను చూడలేదు. ఎక్కడ నొప్పో కూడా అడగలేదు."

చిన్న డాక్టరమ్మ లేచి నిలబడింది.

"చేతులు కడుక్కుని వస్తాను" అంది.

"అటు" అని ముసలమ్మ వంటగది చూపించి, తనూ వెనకే వచ్చి, తొట్టి మీద ఎక్కడో మూలనున్న సబ్బు తీసి ఆమె చేతిలో పెట్టింది.